పశుపతి గుమ్మం దగ్గర చెప్పుల కాపలా

ఖాట్మండులో పశుపతినాథుడి గుడి పడమటి గుమ్మం ముందు, ఒక రాతి మెట్టు మీద కూర్చుని, నేను రెండు గంటల సేపు చెప్పులకు కాపలా కాశాను. మొత్తం ముప్పై ఎనిమిది జతలు. తెనాలివి, అమృతలూరువి, కాకుమానువి. తోలువి, రబ్బరువి, బొటనవేలి దగ్గర తెగితే పిన్నీసు గుచ్చినవి. హిందీలో ఉన్న పరీక్షలన్నీ ప్యాసై, బాపట్ల హైస్కూల్లో ఏడేళ్ళుగా హిందీ చెబుతున్న దాన్ని నేను. ఆ రెండు గంటలూ తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. "ఎప్పటి సంగతో కదమ్మా, ఇంక వదిలెయ్యి" అంటారు మా పిల్లలు. నేను వదలను.

మాది రేపల్లె. లూథరన్ క్రైస్తవ కుటుంబం. మా నాన్న వారమంతా బడిపంతులు, ఆదివారం నాడు చుట్టుపక్కల పల్లెల్లో వాక్యం చెప్పే ఉపదేశి. ఆయనకు నేను ఒక్కదాన్నే. అరవైలలో మా వైపు ఆడపిల్లలు వరసబెట్టి హిందీ పరీక్షలకు కట్టేవాళ్ళు. చాలామంది రెండు మూడు పరీక్షలు కాగానే పెళ్ళిళ్ళై వెళ్ళిపోయారు. నేను చివరిదాకా చదివి ఉద్యోగం తెచ్చుకున్నాను. రైల్వే స్టేషన్లో హిందీ బోర్డు చదవడం తప్ప ఆ భాష నిజంగా మాట్లాడే చోటు మాత్రం మాకు ఎక్కడా ఉండేది కాదు.

డెబ్బైల మొదట్లో, వేసవి సెలవులకు ముందు, తెనాలి నుంచి ఒక పెద్దమనిషి మా హెడ్మాస్టరు గారిని వెతుక్కుంటూ వచ్చాడు. ఆయన ఏటా ఒక బస్సు మాట్లాడి, వంటవాణ్ణీ బియ్యం బస్తాలనూ వేసుకుని, జనాన్ని కాశీకి తీసుకెళ్ళేవాడు. అందరూ ఆయన్ని మేనేజరు గారు అనేవాళ్ళు. ఆ ఏడు కాశీతో పాటు ఖాట్మండు కూడా కలిపాడట.

"హిందీ వచ్చిన మనిషి కావాలండి. మీకు టిక్కెట్టుండదు, భోజనం మాతోనే. అవసరమైన చోట మీరు నాలుగు ముక్కలు మాట్లాడితే చాలండి," అన్నాడు.

"నేను క్రిస్టియన్నండి," అని ముందే చెప్పాను.

"ఎంత మాటండి టీచరు గారూ! మాకలాంటి పట్టింపుల్లేవండి. అందరం మనుషులమే కదండి," అన్నాడు.

నమ్మాను. నమ్మడానికి ఇంకో కారణం కూడా ఉంది. నా పెట్టె అడుగున ఒక పాత పత్రికలోంచి కత్తిరించుకున్న బొమ్మ ఉండేది. ఖాట్మండు పక్కనున్న భక్తపూర్‌లో అయిదంతస్తుల గుడి. మెట్ల మీద రాతి మల్లులు, రాతి ఏనుగులు, ఒకదాని మీద ఒకటిగా కప్పులు. లేసు అల్లినట్టు చెక్కిన కిటికీలు. అది కళ్ళారా చూడాలని నాకు పిచ్చి కోరిక. టిక్కెట్టు లేకుండా చూపిస్తానంటుంటే ఎందుకు కాదంటాను?

బస్సెక్కిన రోజే పట్టింపులు కనబడ్డాయి. నాకు చిట్టచివరి సీటు, కింద టైరు. నా పక్కన ఒకావిడ. యాభై దాటిన మనిషి, నల్లగా, ఎండుపుల్లలా ఉంది, కాళ్ళకు చెప్పుల్లేవు. రేపల్లె దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె ఆమెది. ఎండుచేపల బుట్టతో రైలెక్కి తెనాలి వచ్చి అమ్ముకునే మనిషి. ఎవరో చివరి నిమిషంలో మానుకుంటే ఆ చోటు నింపడానికి మేనేజరు ఆమెకు టిక్కెట్టు ఇచ్చాడు. ఇచ్చాక బస్సులో వాళ్ళు ఒక్కొక్కరే ముందుకు జరిగారు. ఆమె పక్కన కూర్చోడానికి నేను మిగిలాను, నా పక్కన కూర్చోడానికి ఆమె మిగిలింది.

నేను ఆమెను పెద్దమ్మా అన్నాను. ఆమె నన్ను పంతులమ్మా అంది. నా పేరేమిటో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

నాగపూర్ దాటేలోపు ఆమె సంగతంతా తెలిసింది. భర్త ఎప్పుడో జ్వరంతో పోయాడు. ఒక్కగానొక్క కొడుకు. ఇరవై రెండేళ్ళప్పుడు వేటకు వెళ్ళాడు, తుఫాను పట్టింది, పడవ తిరిగి రాలేదు. అప్పటికి ఆరేళ్ళు.

"పడవ చెక్క దొరకలా, మనిషి దొరకలా. పోయాడని ఎవరు సెప్పాలి? కలకత్తా వైపు కొట్టుకుపోయినోళ్ళు ఏడాదికి తిరిగొచ్చారు, నేనెరుగుదును," అంది.

ఆమె కొడుకు వల ఇంట్లో దండెం మీదే ఉందట. నూలు వల ఊరికే ఉంచితే చీకిపోతుంది. అందుకని ఏటా రెండుసార్లు తుమ్మచెక్క కాచి, ఆ ఎర్రనీళ్ళలో వలను నానబెట్టి, ఎండబెట్టి, మళ్ళీ దండెం మీద వేస్తుందట. ఊళ్ళో వాళ్ళు కర్మ చేసెయ్యమన్నారు. చెయ్యలేదు. ఖాట్మండులో పశుపతి ముందు కొడుకు పేరు చదివిస్తే, ఎక్కడున్నా వాడికి క్షేమమని ఎవరో చెప్పారట. బతికున్న వాడిగా చదివించాలి. ఆమె వచ్చింది ఆ ఒక్క పని కోసమే. కాశీలో అందరూ పితృకార్యాలకు కూర్చుంటే ఆమె మెట్ల మీద దూరంగా కూర్చుని నది వైపు కూడా చూడలేదు.

దారి పొడవునా నా నోరే వాళ్ళకు దిక్కైంది. సత్రం గది కావాలన్నా, వంటవాడికి కట్టెలు కావాలన్నా, డీజిలు కావాలన్నా, "టీచరు గారూ!" అనే కేక. భోజనాల దగ్గర మాత్రం ఆ కేక వినబడదు. పంక్తి లేచాక, వంటవాడు గరిటె అడుగు గీకుతుంటే, మా ఇద్దరికీ వరండా చివర ఆకులు వేసేవాళ్ళు. ఒకరోజు పప్పు అయిపోయి గోంగూర పచ్చడితోనే సరిపెట్టారు. పచ్చడి మీద నాకేమీ ఫిర్యాదు లేదు. కాస్త ఆగమని మాతో చెప్పడానికి కూడా ఎవరికీ నోరు రాలేదు, అది మాత్రం మరచిపోను.

రక్సాల్ దగ్గర సరిహద్దు దాటి, కొండల్లో తిరిగీ తిరిగీ, సగం మంది కిటికీల్లోంచి వాంతులు చేసుకుంటూ ఖాట్మండు చేరాం. పైన ఒక మలుపులో మబ్బులు కాసేపు తొలిగి మంచుకొండలు కనబడ్డాయి. బస్సంతా గోవింద కొట్టింది. పెద్దమ్మ మాత్రం చాలాసేపు చూసి, "అంత ఎత్తున నీళ్ళు గడ్డకట్టి పడున్నాయి. ఇయ్యన్నీ దిగి మన సముద్రంలోకే రావాల," అంది.

మొదటిరోజు స్వయంభూ కొండ ఎక్కాం. పైన తెల్లని పెద్ద స్తూపం, దాని మీద నాలుగు వైపులా గీసిన కళ్ళు, చుట్టూ తిప్పే ఇత్తడి చక్రాలు, ఎక్కడ చూసినా కోతులు. ముసలివాళ్ళు చక్రాలు తిప్పుకుంటూ ప్రదక్షిణ చేస్తున్నారు. మేనేజరు చేతి గడియారం చూసుకుని, "ఇది బౌద్ధులదండి. మనకిక్కడ పనేం లేదు. అయిదు నిమిషాలు," అన్నాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. రేపల్లెకు కూతవేటు దూరంలో భట్టిప్రోలులో ఇలాంటి స్తూపమే ఉండేది. చిన్నప్పుడు మా నాన్న సైకిలు మీద తీసుకెళ్ళి చూపిస్తే గడ్డి మొలిచిన దిబ్బ కనబడింది. దాని ఇటుకలూ రాళ్ళూ రోడ్లకూ లాకులకూ పోయాయని చెప్పాడు. మనది మనం తవ్విపోసుకున్నాం. ఇక్కడి వాళ్ళు రెండువేల ఏళ్ళ దాన్ని నిలబెట్టుకుని దీపం పెట్టుకుంటుంటే, అయిదు నిమిషాలు కూడా ఎక్కువేనట! ఆ మాట అక్కడే అన్నాను. మేనేజరు చెవిన వేసుకోలేదు. పెద్దమ్మ ఒక చక్రం తిప్పి, అది తిరుగుతున్నంత సేపూ నోట్లో కొడుకు పేరు అనుకుంది.

మధ్యాహ్నం హనుమాన్ ఢోకా. పాత రాజుల కోట. గుమ్మంలో హనుమంతుడికి మొహం కనబడకుండా సిందూరం మెత్తి, పైన గొడుగు పట్టారు. ఆ చౌకులో గుళ్ళు మనవిలాంటివి కావు. ఇటుక గోడలు, కొయ్య కప్పులు, కప్పును మోసే ఏటవాలు కొయ్య దూలాల నిండా శిల్పాలు. ఒక గుడి దూలాల మీద ఆడామగా బొమ్మలు సిగ్గూ ఎగ్గూ లేకుండా ఉన్నాయి. అమృతలూరు నుంచి వచ్చిన ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. మేనేజరు మొహం కందగడ్డ చేసుకుని, "ఆడవాళ్ళెవరూ పైకి చూడకండి!" అని అరిచాడు. ఆ తరవాత అక్కడ పైకి చూడని ఆడది లేదు.

కుమారి ఇల్లు పక్కనే. బతికున్న పిల్లను దేవతగా కొలుస్తారు. చెక్కడపు కిటికీలోంచి ఎర్రబట్టలు, కాటుక, పెద్ద కళ్ళతో ఆ పిల్ల ఒక్క క్షణం కనబడి లోపలికి వెళ్ళిపోయింది. అందరూ చేతులెత్తి మొక్కారు. "దాని తల్లి యాడుందమ్మా?" అని పెద్దమ్మ నన్ను అడిగింది. అక్కడి మనిషిని హిందీలో అడిగి, ఊళ్ళోనే ఉంటుందట అని చెప్పాను.

రెండోరోజు పాటన్, మూడోరోజు భక్తపూర్, నాలుగోరోజు పశుపతి అని తెనాలిలోనే పత్రం అచ్చువేశాడు మేనేజరు. రెండోరోజు పొద్దున బజారు చూపించమన్నారు. ఇంద్రచౌక్ అనే చోటికి తీసుకెళ్ళాను. అంతే. జపాను నైలాను చీరలు, మడత గొడుగులు, ట్రాన్సిస్టర్లు, థర్మాసు ఫ్లాస్కులు. మన దేశంలో దొరకనివి. మూడు అంతస్తుల గుడి కింద ఉన్న కొట్లలోకి దూరారు, ఆ గుడిలో ఏ దేవుడున్నాడో ఒక్కరూ అడగలేదు. "టీచరు గారూ, ఇంకాస్త తగ్గించమనండి." "టీచరు గారూ, రంగు పోతుందేమో అడగండి." పాటన్ పోయింది. మర్నాడు మళ్ళీ బజారే. భక్తపూర్ పోయింది.

"పత్రంలో వేశారు కదండీ. ఎనిమిది మైళ్ళే కదండీ," అన్నాను మేనేజరుతో.

"ఆ కొయ్య గుళ్ళు అన్నీ ఒకలాగే ఉంటాయి కదండి టీచరు గారూ. జనం సరదా పడుతున్నారు, మధ్యలో మనకెందుకండి," అన్నాడు, ఒళ్ళో కొత్త ట్రాన్సిస్టరు పెట్టుకుని.

నేను భక్తపూర్ ఈ జన్మలో చూడలేదు.

ఆ సాయంత్రం కోపం తీరక, పెద్దమ్మను తీసుకుని అసన్ బజారు వైపు నడిచాను. ఆరు దారులు కలిసే చోటు. మధ్యలో చిన్న బంగారు కప్పు గుడి, చుట్టూ మిరపకాయలు, ధనియాలు, ఇత్తడి సామాన్లు, కావిళ్ళలో కూరగాయలు మోసుకొచ్చే మనుషులు. ఒక మూల ఆమె ఆగిపోయింది. గోనెపట్టా మీద ఎండుచేపల గుట్టలు.

పెద్దమ్మ గొంతుక్కూర్చుంది. ఒక చేపను తీసి వాసన చూసింది, మెడ దగ్గర విరిచి లోపల చూసింది. "ఏటి చేప. ఉప్పు సాల్లేదు. ఎండ లేక పొగేశారు," అంది. అమ్మే ముసలిది ఏదో అంది. నేను హిందీలో అడిగాను, ఆమెకు హిందీ రాదు. పెద్దమ్మ నన్ను చేత్తో పక్కకు జరగమంది. ఇద్దరూ చేతులతో మాట్లాడుకున్నారు. ఉప్పు ఎంత, ఎండ ఎన్నాళ్ళు, పురుగు ఎట్లా పడుతుంది, అన్నీ. నవ్వుకున్నారు కూడా. నాలుగు రోజుల్లో ఆ ఊళ్ళో మా వాళ్ళెవరైనా మనిషితో మాట్లాడారంటే అదొక్కటే, దానికి నా హిందీ అక్కర్లేకపోయింది. ముసలిది గుప్పెడు చేపలు ఊరికే ఇస్తే పెద్దమ్మ కొంగున ముడేసుకుంది.

సత్రానికి వచ్చేసరికి గగ్గోలు. "యాత్రలో చేపలా! రేపు దేవుడి దర్శనం పెట్టుకుని!" అంటూ ముక్కులు మూసుకున్నారు. తెనాలి బజార్లో ఆమె బుట్ట చుట్టూ మూగే మొహాలు అందులో కనీసం నాలుగు ఉన్నాయి, ఆమె ఎరుగును. యాత్ర నెలకు మానారంతే. మేనేజరు చేపలు బయట పారేయించి, అప్పటికప్పుడు తలస్నానం చెయ్యమన్నాడు. పెరట్లో పంపు కింద, ఆ కొండ చలిలో, ఆమె చేసింది. నేను నా దుప్పటి కప్పాను. వణుకుతూనే, "పాపం, ఊరికే ఇచ్చిందమ్మా ఆమె," అంది. చేపలు పారేసినందుకే ఆమె బాధ.

దీపాలు పెట్టే వేళకు మేనేజరు ఒక పుస్తకం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. రేపు సంకల్పంలో చదివించాల్సిన గోత్రనామాలు, కుటుంబాల వారీగా తెలుగులో రాసుకున్నాడు. అక్కడి పూజారికి తెలుగు రాదు కనక నాగరి లిపిలో ఎత్తి రాసిపెట్టమన్నాడు. క్రైస్తవురాలు రాస్తే మైల కాదా అని నేను అడగలేదు, ఆయనకూ తోచలేదు. చివరి పేజీలో పెద్దమ్మ గోత్రం, ఆమె పేరు, కొడుకు పేరు. కొడుకు పేరు మీద అడ్డంగా గీత.

"ఇదేంటండి?" అన్నాను.

"ఆరేళ్ళయిందంటండి సముద్రంలో పోయి. బతికున్నోళ్ళ మధ్య చచ్చినోడి పేరు చదివిస్తే అందరికీ అరిష్టమండి. కింద ఏటి ఒడ్డున పిండం పెట్టుకోమనండి, నేనొద్దంటానా?" అన్నాడు.

పెద్దమ్మ గుమ్మం అవతల నిలబడి వింది. లోపలికి రాలేదు. "ఆడు పోలేదయ్యా," అంది, ఒక్క మాట. మేనేజరు అటు తిరగను కూడా తిరగలేదు.

నేను రాయడానికి కూర్చున్నాను. ఆమె వచ్చి నా పక్కన చతికిలబడింది. నా కలం కదులుతుంటే కాసేపు చూసి, "మీదేం గోత్రం పంతులమ్మా?" అని అడిగింది.

"మాకు గోత్రాలుండవు పెద్దమ్మా."

"అయ్యో," అంది. ఇంట్లో ఉప్పు లేదంటే అన్నట్టు అంది.

నాగరి లిపి ఆ నలభై మందిలో నాకొక్కదానికే వచ్చు. ఈ సంగతి నాకు ఆ నిమిషంలో తట్టింది. మేనేజరు కుటుంబం పేర్లు మొదట రాశాను. వెంటనే, ఆయన మనవడి పేరు కిందనే, పెద్దమ్మ గోత్రం, ఆమె పేరు, ఆమె కొడుకు పేరు రాశాను. అక్షరాలు గుండ్రంగా, పరీక్ష పేపర్లో రాసినట్టు రాశాను. తక్కిన కుటుంబాలన్నీ ఆ తరవాతే. ఆమెకు కూడా చెప్పలేదు. మేనేజరు కాగితాలు తిరగేసి చూసి, "ముత్యాల్లా ఉన్నాయండి," అని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున గుడి గుమ్మం. పక్కన ఒక బోర్డు. "ఏం రాశారండి టీచరు గారూ?" అని అందరూ నా వైపు తిరిగారు. దారి పొడవునా బోర్డులు చదివిపెట్టిన అలవాటు. చదివాను.

"హిందువులకు మాత్రమే ప్రవేశం."

ఎవరో ఆవిడ, "ఓ బొట్టు పెట్టుకుంటే పోయె, ఎవరికి తెలుస్తుందమ్మా?" అంది, మంచిగానే. వద్దన్నాను. బోర్డు మీద నాకు కోపం లేదు. ఎవరి ఇంటి నియమం వాళ్ళది. మా చర్చిలో మాత్రం బాప్తిస్మం లేని వాళ్ళకు రొట్టె, ద్రాక్షారసం ఇస్తామా? దొంగబొట్టు పెట్టుకుని దేవుడి దగ్గరికి వెళ్ళడం మా నాన్న నేర్పలేదు. ఆ మాట చెప్పబోతున్నాను.

మేనేజరు నన్ను నోరు తెరవనివ్వలేదు. "మంచిదేలెండి! చెప్పులు చూడ్డానికి ఒక మనిషి కావాలిగా," అని తన చెప్పులు నా ముందు విడిచాడు. ఆయన వెనక అందరూ విడిచారు. అయ్యో అన్నవాళ్ళు లేరు. పదిహేను వందల మైళ్ళు నా నోటితో అన్నం తిన్నవాళ్ళు, గుడి గుమ్మం కనబడగానే నన్ను మెట్టు మీద కూర్చోబెట్టి లోపలికి వెళ్ళిపోయారు. పెద్దమ్మ అందరికంటే వెనక. విడవడానికి ఆమెకు చెప్పుల్లేవు. వెనక్కి తిరిగి తిరిగి నా వైపు చూసుకుంటూ వెళ్ళింది.

గుమ్మంలోంచి నాకు కనబడింది బంగారు రంగు నంది. అదీ వెనక భాగం. ఇంత పెద్ద తోక, ఇంత పెద్ద పిరుదులు. దాని అవతల వెండి తలుపులు, గంటలు, జనం. ఆ నందికేసి చూస్తూ రెండు గంటలు పళ్ళు నూరాను. లోపల ఆ పేరు చదువుతారా, మధ్యలో ఆపేస్తారా అని ఒక పక్క చెవి గుమ్మం వైపే పెట్టాను. నేను రాసిన దానికి ఆమెను అందరి ముందు బయటికి తోసేస్తే? అప్పుడు గానీ ఆ భయం నాకు తట్టలేదు.

ముందు మేనేజరు వచ్చాడు. మొహం జేవురించి ఉంది.

"ఎంత పని చేశారండి! నా మనవడి పేరు వెంటనే ఆ పేరు చదివాడండి ఆయన! ఆపుదామంటే మంత్రం మధ్యలో ఆపకూడదన్నాడు. మా సంకల్పం పాడు చేశారు మీరు!"

"మీ చెప్పులు చూసుకోండి మేనేజరు గారూ. ఒక్క జత కూడా పోలేదు," అన్నాను.

ఆయన చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని గొణుక్కుంటూ వెళ్ళాడు. జనమంతా వెళ్ళాక పెద్దమ్మ వచ్చింది. నుదుట విభూతి. నా పక్కన మెట్టు మీద కూర్చుని, కొంగు విప్పి కాస్త ప్రసాదం నా చేతిలో పెట్టింది.

"సదివాడమ్మా. ఆడి పేరు గట్టిగా సదివాడు. నువ్వే రాశావు గదా, నాకు తెలుసు," అంది. కొంగు మళ్ళీ ముడేసుకుంటూ, "నీది కూడా సదివించా," అంది.

"నాదా?"

"ఆ పూజారి మన దక్షిణాది మనిషేనమ్మా, కాస్త తెలుగు అర్థమైంది ఆయనకి. అందరిదీ అయ్యాక ఎల్లి అడిగా. పేరేంటన్నాడు. నీ పేరు నాకు తెలవదు గదా, పంతులమ్మ అని సెప్పా. గోత్రం అడిగాడు. నీకు లేదంటివి. మాదే సెప్పా."

నాకు కోపం వచ్చింది. దాచుకోవడం దేనికి, నిజంగానే వచ్చింది. నన్ను అడగకుండా, నా నమ్మకంతో పని లేకుండా, నేను కాలు పెట్టని గుడిలో నా పేరిట పూజా? ఉపదేశి కూతుర్ని! ఏదో గట్టిగా అనబోయి ఆమె మొహం చూశాను. ఉన్నదాంట్లో సగం పెట్టి, తిన్నావా లేదా అని చూసే మొహం. నోరు మూసుకుని ప్రసాదం తిన్నాను. ఏడుపు కూడా వచ్చింది, అదీ కోపంతో కలిసే వచ్చింది.

తిరుగు దారిలో రక్సాల్ దగ్గర కస్టమ్స్ వాళ్ళు బస్సు ఆపారు. బియ్యం బస్తాల్లో చీరలు, పచ్చడి జాడీల వెనక ట్రాన్సిస్టర్లు. ఆఫీసరు హిందీలో దబాయిస్తున్నాడు. "టీచరు గారూ! టీచరు గారూ, కాస్త చెప్పండి! ఏమీ లేవని చెప్పండి!" అని మేనేజరు నా సీటు దాకా పరిగెత్తుకొచ్చాడు.

"చెప్పుల కాపలా మనిషిని. నాకు హిందీ ఏం వస్తుందండి?" అన్నాను.

బస్తాలన్నీ దింపించారు. సాయంత్రం దాకా అక్కడే. పెద్దమ్మా నేనూ రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని వేరుశనక్కాయలు తిన్నాం. ఆ రోజు పంక్తి గొడవ లేదు, వంటే కాలేదు.

నేను బాపట్ల చేరేసరికి తెనాలి నుంచి కబురు నాకంటే ముందు చేరింది. గోత్రనామాలు రాసిందట, ప్రసాదం తిన్నదట అని మా చర్చి సంఘ పెద్ద ఒకాయన నన్ను నిలదీశాడు. ఇక్కడ కూడా ఒక గుమ్మం, ఒక బోర్డు! ఒళ్ళు మండి, "అవునండి, చెప్పులు కూడా కాశానండి," అని వచ్చేశాను.

ఆ ఆదివారం ఆరాధనకు ముందు, ప్రార్థన మనవుల చీటీల పళ్ళెంలో నేనూ ఒక చీటీ వేశాను. మా చర్చిలో రోగులవీ ప్రయాణంలో ఉన్నవాళ్ళవీ పేర్లు పాస్టరు అయ్యగారు చదివి ప్రార్థన చేస్తారు. చనిపోయిన వాళ్ళ కోసం మేము ప్రార్థన చెయ్యం. అయ్యగారు నా చీటీ చూసి నన్ను పక్క గదిలోకి పిలిచారు. మా నాన్నను ఎరిగిన ముసలాయన.

"ఎవరమ్మా ఈ అబ్బాయి? మన సంఘంలో ఈ పేరు లేదే?"

"మా తమ్ముడండి."

ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశారు. "మీ నాన్నకు నువ్వొక్కదానివే కదమ్మా?"

"సముద్రం మీదికి వేటకెళ్ళాడండి. ఇంకా రాలేదు."

"ఎన్నాళ్ళయింది?"

"ఆరేళ్ళండి."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చీటీ మళ్ళీ చదివారు. బయట గంట కొట్టారు. వాదించడానికి నేను సిద్ధంగా నిలబడ్డాను. గోత్రం సంగతితో సహా అంతా చెప్పేద్దామని నోటిదాకా తెచ్చుకున్నాను. ఆయనేమీ అడగలేదు. చీటీని మిగతా వాటితో కలిపి పట్టుకుని బలిపీఠం దగ్గరికి నడిచారు.

రోగుల పేర్లు చదివారు. ప్రయాణంలో ఉన్నవాళ్ళ పేర్లు మొదలుపెట్టారు. హైదరాబాదు వెళ్ళిన వాళ్ళు ఒకరు, మద్రాసు వెళ్ళిన వాళ్ళు ఒకరు. ఆ తరవాత, సముద్రం మీదున్న ఫలానా వాడు అని, మా తమ్ముడి పేరు చదివారు. సంఘ పెద్ద తల తిప్పి నా వైపు చూశాడు. నేను ఆమేన్ అన్నాను, చర్చి అంతటికీ వినబడేంత గట్టిగా.